ఖర్చుల యాప్‌లో లెక్క ఎక్కడ తప్పుతుంది

అందరికీ నమస్కారం. మంచి యాప్ పేరొకటి చెబితే రాసుకుని వెళ్లిపోదామనుకుంటున్న వాళ్లు కాస్త ఓపిక పట్టాలి. మీ ఖర్చు యాప్‌లోకి ఏ దారిన చేరుతుందో తేలితే పేరు దానంతట అదే తేలుతుంది. దారులు మూడు: మీరే చేత్తో రాయడం, బ్యాంకు ఎస్సెమ్మెస్‌లను యాప్ చదవడం, అకౌంట్ అగ్రిగేటర్ (మీ అనుమతితో బ్యాంకు లెక్కను యాప్‌కు అందించే మధ్యవర్తి సంస్థ) ద్వారా బ్యాంకు లెక్క నేరుగా రావడం.

ఎస్సెమ్మెస్ దారి సుఖంగా కనిపిస్తుంది కానీ ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకే. మెసేజీలు చదవడానికి ఐఫోన్ ఏ యాప్‌నీ అనుమతించదు. పైగా ప్రతి ఖర్చుకూ మెసేజ్ రాదు. వంద రూపాయల లోపు యూపీఐ చెల్లింపులకు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ 25 నుంచి ఎస్సెమ్మెస్ మానేసింది. చిన్న చెల్లింపుల కోసం ముందే డబ్బు నింపుకునే యూపీఐ లైట్‌తో ఇంకో చిక్కుంది. అందులో 5,000 వరకు నింపుకుని, ఒక్కోసారి 1,000 దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం నింపిన మొత్తమే పడుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో ముంత మసాలా, జగదాంబ దాకా ఆటో, మధ్యలో టీ, వీటిలో ఒక్కటీ యాప్‌కు తెలియదు. నెలాఖరుకు డబ్బెటు పోయిందో అర్థం కాకపోతే ముందు ఇక్కడే వెతకండి.

అకౌంట్ అగ్రిగేటర్‌కు రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు పెట్టింది, 2021 సెప్టెంబరులో బ్యాంకులతో పని మొదలైంది. మధ్యలో ఉన్న అగ్రిగేటర్ మీ లెక్క చదవలేదు, అటు నుంచి ఇటు అందిస్తుందంతే. అనుమతి అడిగే తెరమీద ఏ ఖాతా, ఏ తేదీల మధ్య లెక్క, ఎందుకు, ఎంతకాలం అన్నవి ఉంటాయి. ‘సరే’ నొక్కే ముందు ఆ కాలం చూడండి. ఇందులో వచ్చే ఇబ్బంది వేరు: దుకాణం పేరుకు బదులు యజమాని సొంత పేరు పడుతుంది. కూరగాయలో చెప్పుల మరమ్మతో యాప్‌కేం తెలుసు, ‘ఇతరాలు’లో పడేస్తుంది. ఆ పేరుకు ఒకసారి పద్దు కేటాయిస్తే తర్వాత గుర్తుపెట్టుకునే యాప్ కావాలి.

అన్నిటికంటే ఎక్కువగా లెక్క చెడేది రెండుసార్లు పడటం వల్ల. జులైలో క్రెడిట్ కార్డు మీద 12,000 ఖర్చు పెట్టారు, ఆగస్టులో ఆ బిల్లు 12,000 కట్టారు. యాప్ 24,000 చూపిస్తుంది. కార్డు బిల్లు కట్టడాన్ని ఖర్చుగా కాక ‘బదిలీ’గా మార్చాలి. ఏటీఎంలో తీసిన డబ్బు, యూపీఐ లైట్ నింపడం, భార్యాభర్తల ఖాతాల మధ్య పంపకాలు కూడా బదిలీలే. బదిలీ అనే వీలే లేని యాప్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

నగదుకు సులువు పద్ధతి ఉంది. ఎంవీపీ కాలనీ రైతు బజారుకు 1,000 పట్టుకెళ్లారు, ఇంటికొచ్చాక 380 మిగిలింది, ‘కూరగాయలు 620’ అని ఒక్క ముక్క రాయండి. వంకాయలకింత, బెండకాయలకింత అని రాసేవాళ్లు మూడో వారానికి యాప్ తెరవడం మానేస్తారు. పద్దులు కూడా పది పన్నెండు మించొద్దు.

ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గరే బడ్జెట్ కూలిపోతుంది. ఇంటి పన్ను 9,600, బడి ఫీజు 48,000, బీమా 14,400, సంక్రాంతికి 24,000 అనుకుందాం. మొత్తం 96,000, నెలకు 8,000. దాన్ని వేరే పొదుపు ఖాతాలో వెయ్యండి. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా కడితే ఇచ్చే 5 శాతం రాయితీ అప్పుడు అందుతుంది. అయితే పన్నెండుతో భాగించడం మొదటి ఏడాది పనికిరాదు. నవంబరులో మొదలెడితే జూన్ ఫీజుకు మిగిలింది ఏడు నెలలే, ఒక్క ఫీజుకే నెలకు దాదాపు 6,860 కావాలి. కరెంటుకైతే గత పన్నెండు బిల్లుల సగటు వేసుకోండి. మే నెల ఏసీ బిల్లును డిసెంబరు అంచనాతో కట్టలేం. ఈ నెల మిగిలింది వచ్చే నెలకు యాప్ మోస్తుందా అన్నది కూడా చూసుకోండి. కొన్ని ఒకటో తారీకున సున్నా చేసేస్తాయి.

ఇక పేర్లు. అమెరికా బడ్జెట్ యాప్ వైనాబ్ (YNAB) పద్ధతి గొప్పదే, కానీ చందా డాలర్లలో, మన బ్యాంకులతో కలవదు. గుడ్‌బడ్జెట్‌లో చేత్తో రాసుకోవచ్చు, ఉచితంగా కొన్ని కవర్లే (ఒక్కో పద్దుకు డబ్బు విడిగా పెట్టే అరలు) ఇస్తుంది. నగదు ఎక్కువగా వాడే ఇంటికి చేత్తో రాసే యాప్, అంతా కార్డూ యూపీఐతో నడిచే ఇంటికి అగ్రిగేటర్ ద్వారా లెక్క తెచ్చుకునే యాప్ అన్నది మా సలహా. ఏదైనా సరే, మొదటి రోజే పది ఖర్చులు రాసి సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించి చూడండి. యాప్ మూతపడినా లెక్క మీ దగ్గరుండాలి. అమెరికాలో పేరు మోసిన ఖర్చుల యాప్ మింట్ కూడా 2024 మార్చిలో మూతపడింది. కాంటాక్టులూ ఫొటోలూ అడిగేదాన్ని అసలు పెట్టుకోవద్దు. అప్పులిచ్చే యాప్‌లు సైతం వాటి జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది, ఖర్చులు రాసుకోవడానికి అవెందుకు?

ఆదివారం పావుగంట కూర్చుని యాప్ నిల్వనూ బ్యాంకు నిల్వనూ సరిచూడండి. తేడా వస్తే లైట్ చెల్లింపులు, రెండుసార్లు పడినవి, వాపసు వచ్చినవి, ఈ వరసలో వెతకండి. వంద లోపు తేడాకు గంట పోగొట్టుకోకుండా ‘తేడా’ అని రాసి ముందుకెళ్లండి.

యాప్ మార్చాలనిపిస్తే, ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన అగ్రిగేటర్ అనుమతి రద్దు కాదు. ముందు సీఎస్‌వీ దించుకోండి. అగ్రిగేటర్ సొంత యాప్‌లో అనుమతుల జాబితా తెరిచి రద్దు చేయండి. పాత యాప్‌లో ఖాతా తొలగించమని అడిగి, ఆ తర్వాతే దాన్ని ఫోన్‌లోంచి తీసెయ్యండి.