ఒక్క గోల్ తక్కువైనందుకు మరుగునపడిన జార్జ్ క్యామ్సెల్

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో గోల్ వీరులు ఎవరని అడిగితే ఇక్కడున్న కుర్రాళ్లు హ్యారీ కేన్, రూనీ అని టక్కున చెప్పేస్తారు. నేను ఇవాళ చెప్పబోయే మనిషి దేశం తరఫున ఆడింది తొమ్మిది మ్యాచ్‌లే. కొట్టినవి 18 గోల్స్. ఆ తొమ్మిదింటిలో అతను గోల్ కొట్టని మ్యాచ్ ఒక్కటీ లేదు. అతని పేరు జార్జ్ క్యామ్సెల్.

1902లో ఈశాన్య ఇంగ్లండ్‌లోని డరమ్ పక్కనున్న ఫ్రామ్‌వెల్‌గేట్ మూర్‌లో పుట్టాడు. చుట్టూ బొగ్గు గనులు. అతనూ గనిలో పనిచేసినవాడే. డరమ్ సిటీ అనే చిన్న క్లబ్‌లో ఆడుతుంటే 1925లో మిడిల్స్‌బరో క్లబ్ తీసుకుంది. మిడిల్స్‌బరో అంటే ఇనుము, ఉక్కు తయారయ్యే ఊరు. సిడ్నీ హార్బర్ బ్రిడ్జి కట్టిన డోర్మన్ లాంగ్ కంపెనీ ఆ ఊరిదే.

1926-27 సీజన్ మొదలైనప్పుడు క్యామ్సెల్ జట్టులోనే లేడు. చోటు దొరికాక ఇక ఆగలేదు. ఆ రోజుల్లో క్రిస్మస్ నాడు కూడా లీగ్ మ్యాచ్‌లు ఉండేవి. 1926 డిసెంబర్ 25న మాంచెస్టర్ సిటీని వాళ్ల మైదానంలోనే మిడిల్స్‌బరో 5-3తో ఓడించింది. ఆ అయిదు గోల్సూ క్యామ్సెల్‌వే! సీజన్ ముగిసేసరికి 37 లీగ్ మ్యాచ్‌లలో 59 గోల్స్, అందులో తొమ్మిది హ్యాట్రిక్‌లు, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్. జట్టు సెకండ్ డివిజన్‌లో, అంటే లీగ్ రెండో అంచెలో, ఛాంపియన్ అయింది.

అప్పటికి ఆఫ్‌సైడ్ నియమం మారి ఏడాదే అయిందని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. సహచరుడు ముందుకు బంతి అందించేటప్పుడు, దాన్ని అందుకునే ఆటగాడికీ గోల్‌లైన్‌కీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న నియమాన్ని 1925లో ఇద్దరికి తగ్గించారు. గోల్స్ కొట్టడమే పనిగా ముందు ఆడే ఫార్వర్డ్‌లకు పని తేలికైంది. కానీ నియమం అందరికీ మారింది కదా, 59 కొట్టింది ఇతనొక్కడే.

అయితే ఒక సీజన్‌లో అత్యధిక లీగ్ గోల్స్‌గా ఆ రికార్డు ఏడాదే నిలిచింది. 1928 మే 5న, సీజన్ చివరి రోజున, ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ ఆర్సెనల్ మీద హ్యాట్రిక్ కొట్టి ఆ సీజన్‌లో 60 గోల్స్‌కి చేరాడు. అదీ పై అంచె అయిన ఫస్ట్ డివిజన్‌లో. డీన్ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఒక్క గోల్ తేడాకే ఒకరిని తరతరాలు తలుచుకుని, ఇంకొకరిని పూర్తిగా మర్చిపోవడం నాకు మింగుడుపడదు.

ఇంతకంటే పెద్ద అన్యాయం దేశం జట్టులో జరిగింది. 1929 మేలో ఫ్రాన్స్ మీద రెండు గోల్స్ కొట్టి మొదలుపెట్టాడు. రెండు రోజులకే బెల్జియం మీద నాలుగు. అదే ఏడాది అక్టోబర్, నవంబర్‌లలో ఐర్లాండ్ మీద రెండు, వేల్స్ మీద మూడు. నాలుగు మ్యాచ్‌లలో పదకొండు! ఆ తర్వాతి మ్యాచ్ ఎప్పుడో తెలుసా? 1933 డిసెంబర్‌లో. ఇరవై ఏడేళ్ల నుంచి ముప్ఫై ఒకటి దాకా, ఒక ఫార్వర్డ్‌కు మంచి వయసంతా అలా గడిచిపోయింది. అప్పట్లో జట్టును ఎంపిక చేసేది మేనేజర్ కాదు, కమిటీ. ఏడాదికి మ్యాచ్‌లూ తక్కువే, పోటీకి డీన్ లాంటివాళ్లూ ఉన్నారు. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా నాలుగేళ్లంటే చాలా ఎక్కువ అనే నేనంటాను. తిరిగి పిలిచినప్పుడు ఏం చేశాడు? ఫ్రాన్స్ మీద మళ్లీ రెండు కొట్టాడు. 1935 డిసెంబర్‌లో లండన్‌లో జర్మనీ మీద 3-0తో గెలిస్తే, అందులో రెండు అతనివే. 1936లో స్కాట్లండ్, ఆస్ట్రియా, బెల్జియం మీద ఒక్కోటి. అంతటితో అయిపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆ కాలంలో ఎంత పెద్ద ఆటగాడికైనా సీజన్‌లో వారానికి ఎనిమిది పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని లీగ్ నిబంధన.

1939లో యుద్ధం రావడంతో అతని ఆట ఆగింది. మిడిల్స్‌బరోకు 325 లీగ్ గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత కూడా 1960ల దాకా అదే క్లబ్‌లో రకరకాల ఉద్యోగాలు చేశాడు. 1966 మార్చిలో చనిపోయాడు. ఆ జూలైలో ఇంగ్లండ్ వరల్డ్ కప్ గెలిచింది. సెకండ్ డివిజన్‌లో 59 గోల్స్ రికార్డును మాత్రం ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.