ఓటీపీ ఎంతొచ్చింది, చిన్నూ?

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో పదేళ్ల పిల్లలకు తెలియకుండానే ఒక ఉద్యోగం ఇచ్చేశాం. ఓటీపీలు చదివి చెప్పే ఉద్యోగం. నానమ్మకు కళ్లజోడు దొరకదు. నాన్న హైటెక్ సిటీలో ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "చిన్నూ, నానమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది చూడు, ఎంతొచ్చింది?" అంటాడు. చిన్నూ హోంవర్క్ పక్కన పడేసి ఆరంకెలూ గడగడా చదివేస్తాడు. గ్యాస్ బండ తెచ్చినతను గుమ్మంలో నిలబడి కోడ్ అడుగుతాడు, అదీ వాడే చెప్తాడు. ఆటో బుక్ చేస్తే డ్రైవర్‌కు నాలుగంకెలు చెప్పేదీ వాడే. ఇన్నిసార్లు చెప్పి శభాష్ అనిపించుకున్న పిల్లవాణ్ని ఒకరోజు కూర్చోబెట్టి "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు" అంటే వాడికేం అర్థమవుతుంది?

అసలు హ్యాకర్ అనగానే మనకు చీకటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మేధావి గుర్తొస్తాడు. మన పిల్లల ఖాతాల్లోకి దూరడానికి అంత తెలివి అక్కర్లేదండీ. అడుగుతారు, వీళ్లు ఇచ్చేస్తారు. అందుకే అంకెలకు ముందు మెసేజ్ మొత్తం చదవడం నేర్పించాలి. ఇంగ్లీష్ మీడియం పిల్లలు కదా, ఎందుకొచ్చిందో, ఎవరికీ చెప్పొద్దని ఎక్కడ రాసి ఉందో మనకంటే బాగానే చదువుతారు. గుమ్మం ముందుకొచ్చిన మనిషి నుంచి సరుకు తీసుకుంటూ చెప్పే కోడ్ వేరు. లాగిన్‌కో, బ్యాంకుకో, వాట్సాప్‌కో వచ్చే కోడ్ వేరు. రెండో రకం మన ఫోన్‌లో మనమే కొట్టుకోవడానికి. మనం ఏమీ చేయకుండానే అలాంటిది వచ్చిందంటే, మన నంబరుతో ఇంకెవరో లోపలికి రావాలని చూస్తున్నారని. నాన్న కూడా "ఎంతొచ్చింది" అని అడగడం మానేస్తే సగం పాఠం అయిపోయినట్టే.

వాట్సాప్ సంగతే తీసుకోండి. ఫ్రెండ్ నంబరు నుంచే మెసేజ్ వస్తుంది: "పొరపాటున నా కోడ్ నీకు వచ్చింది, పంపవా ప్లీజ్." పంపిన మరుక్షణం మన వాట్సాప్ వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఇక అక్కడి నుంచి పిన్నికీ, ట్యూషన్ సార్‌కీ "అర్జెంట్‌గా ఐదు వేలు కావాలి" అని వెళ్తుంది. అలా జరిగితే ఏడుస్తూ కూర్చోకుండా, మన నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేసి, కొత్తగా వచ్చిన ఆరంకెల కోడ్ కొడితే అవతలివాడు బయటికి పోతాడు. వాడు ముందే టూ స్టెప్ పిన్, అంటే ఆ కోడ్‌కి తోడు అడిగే రెండో రహస్య నంబరు, పెట్టేసి ఉంటే మాత్రం మనం లోపలికి వెళ్లడానికి ఏడు రోజులు ఆగాలి. ఆ పిన్ ఏదో మనమే ముందు పెట్టుకుంటే గొడవే ఉండదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ నొక్కితే కనబడుతుంది. పనిలో పనిగా మన వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైసెస్ కూడా తెరిచి, మనకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందేమో చూడండి. ఈ పని పిల్లల చేతే చేయించండి, నానమ్మ ఫోన్‌తో మొదలుపెట్టి.

ఇక ఆటలు. ఆటల్లో డబ్బులా వాడుకునే డైమండ్స్ ఫ్రీగా ఇస్తామనో, రోబక్స్ ఇస్తామనో ఒక లింక్ వస్తుంది. నొక్కితే అచ్చం గేమ్ లాగిన్ పేజీయే. పాస్‌వర్డ్ కొట్టగానే నెలల తరబడి ఆడి సంపాదించుకున్న అకౌంట్ పోతుంది. మనకిది చిన్న విషయం. పన్నెండేళ్లవాడికి ఆస్తి పోయినంత బాధ, తీసిపారేయకండి. ఇంతకంటే ప్రమాదం ప్లే స్టోర్ బయట దొరికే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైళ్లు. గేమ్ పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలాన్ పేరుతోనో వాట్సాప్‌లోనే వచ్చేస్తాయి. ఇన్‌స్టాల్ చేసి ఎస్ఎంఎస్ పర్మిషన్ ఇచ్చామా, ఇక ఓటీపీ ఎవరినీ అడగక్కర్లేదు, అదే చదువుకుంటుంది. పైగా పిల్లలు ఆడుకునే ఫోన్‌లోనే అమ్మ ఫోన్‌పే ఉంటుంది. పాల ప్యాకెట్‌కి పంపినప్పుడల్లా పిన్ చూసి చూసి వాడికి బట్టీ వచ్చేసి ఉంటుంది. డబ్బు పంపడానికే తప్ప, రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదన్న సంగతి కూడా వాడికి చెప్పాలి కదా.

పాస్‌వర్డ్ విషయంలో మా తరమే పిల్లల్ని పాడు చేసింది. పిల్లవాడి పేరు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ రెండూ బర్త్‌డే కేక్ ఫోటోలో ఉండనే ఉంటాయి! సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాయించండి. చింతకాయ, గొడుగు, మెట్రో, పెద్దమ్మ. కాస్త నవ్వు వస్తే ఇంకా మంచిది, మరిచిపోరు. నేను చెప్పిన ఈ నాలుగూ మాత్రం వాడకండి, ఊరంతా విన్నారు. అన్నిటికంటే ముందు జీమెయిల్‌ది మార్చాలి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే లింక్ అక్కడికే వస్తుంది కాబట్టి, అది పోతే వరసగా అన్నీ పోతాయి. ప్రాణ స్నేహితులైనా సరే పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం వద్దని చెప్పండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయని పెద్ద క్లాసుల పిల్లలకు తెలియాలి.

ఇంతా చేసినా ఒకరోజు ఏదో ఒకటి నొక్కేస్తారు. పెద్దవాళ్లమే నొక్కుతున్నాం. అప్పుడు పిల్లలకు హ్యాకర్ కంటే మనమంటేనే ఎక్కువ భయం. "నాన్నకు తెలిస్తే ఫోన్ లాక్కుంటాడు" అన్న టెన్షన్‌తో రెండు రోజులు దాస్తారు. మోసగాడికి కావలసిందీ అదే. "మీ అమ్మకు చెప్పావో, నీ ఫోటోలు అందరికీ పంపిస్తా" అని బెదిరించేది అందుకే. కాబట్టి ఫోన్ లాక్కోనని ముందే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట తప్పకండి.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి జారిపోకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు కూడా రాయవచ్చు. సిగ్గుపడి చాటింగ్ తుడిచేయనివ్వకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. ఆ ఫిర్యాదు రాసేటప్పుడు చిన్నూని పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ లింక్ ఎప్పుడు నొక్కాడో వాడికే గుర్తుంటుంది.

నమస్కారం.