దారం ముక్కతో కొలిచిన దూరం

శ్రోతలకు నమస్కారం.

2023 వేసవి. మా పక్కింటి చెల్లెమ్మ బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మొదటిసారి వెళ్తోంది. వాళ్లది హిందూపురం. కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. టికెట్ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నా, మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే అదే రోజు సాయంత్రం ఐదున్నరకు దిగుతానంట. మావాడేమో పదహారు గంటలంటాడు. ఏది నిజం?"

రెండూ నిజమేనమ్మా అన్నాను. వేసవిలో వాళ్ల గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదమూడున్నర. ఆమె దిగేసరికి మన బెంగళూరులో మర్నాడు ఉదయం ఆరు.

అది తేలిగ్గానే అర్థమైంది. దారి సంగతే అంతుబట్టలేదు. గోడమీది మ్యాప్‌లో చూస్తే తిన్నగా తూర్పుకు, పసిఫిక్ సముద్రం మీదుగా పోవాలి కదా అంది. అప్పుడు మా పాప గ్లోబు తెచ్చి, పూలు కట్టే దారం ముక్క ఒకటి తీసుకున్నాం. ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగమన్నాను. దారం తూర్పుకు పోలేదు. ఉత్తరానికి జరిగి చైనా, సైబీరియా, అలాస్కా మీదుగా నిలబడింది. ఆమె మొహంలో ఆశ్చర్యం చూడాల్సిందే! గుండ్రటి భూమిని చదును చేసి కాగితం మీద పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి. దారానికి ఆ మోసం తెలియదు. ఆ దారం పొడవు సుమారు 14,000 కిలోమీటర్లు.

పెద్ద విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే పదిహేనున్నర గంటలు. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం, ఆగే చోటికి చేరడం కలుపుకుంటే పదహారు. టికెట్ మీద వేసే సమయం విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా.

తిరుగు ప్రయాణం మాత్రం గంటకు పైగా ఎక్కువ. ఎందుకంటే పైన, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. వెళ్లేటప్పుడు వీపు తట్టిన గాలే వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అందుకే పైలట్లు ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు దారి ఎంచుకుంటారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా వచ్చిన తొలి ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. ఆ కబురు విని నాకెంత గర్వమనిపించిందో! చెల్లెమ్మకూ అదే చెప్పాను. ఆమె టెన్షన్ సగం అక్కడే దిగింది.

బెంగళూరు బయట ఉన్న దేవనహళ్లి విమానాశ్రయం హైదరాబాద్ రోడ్డు మీదే కాబట్టి, హిందూపురం నుంచి వచ్చే బంధువులు ఊళ్లోకి రాకుండానే వీడ్కోలు చెప్పడానికి చేరుకున్నారు. లోపలికి వెళ్లేముందు ఆమె కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఐదున్నరకు వస్తా. మీ ఐదున్నర. మన ఊళ్లో అప్పటికి పాలవాడు వచ్చే టైమ్."