పట్టులో తల ఎక్కడుంది?

(తిరుపతిలో వేసవి కబడ్డీ శిబిరానికి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయులతో)

అందరికీ నమస్కారం. ఎనిమిది దాటితే ఈ ఎండలో మ్యాట్ మీద కాలు పెట్టలేం గనక సూటిగా విషయానికొస్తా.

ఇందాక కార్నర్‌లో ఒక అబ్బాయి, కూతకొచ్చిన రైడర్ తొడ పట్టేశాడు. పాయింటొచ్చింది, మీరంతా చప్పట్లు కొట్టారు. నేను వాడి తల చూస్తున్నా. అది సరిగ్గా రైడర్ మోకాలికి ఎదురుగా ఉంది. రైడర్ విదిలించుకోవాలని మోకాలు ఎత్తుంటే? తొడ పట్టేటప్పుడు తల పక్కకు పోవాలి, చెంప తొడకు ఆనాలి, కళ్లు తెరిచుండాలి. నేల చూస్తూ దూకితే దెబ్బ మెడకు తగుల్తుంది. రగ్బీలోనూ కోచ్‌లు ముందు నేర్పేది ఇదే, తల ఎటు పెట్టాలో. భుజాలకు పైన పట్టుకుంటే అక్కడ ఫౌల్. మన ఆటలో నోరు మూయడం, కాళ్లతో కత్తెర వేయడం ఫౌల్.

ఇంకోటి మోకాలు. సంక్రాంతికి మన ఊళ్లలో మట్టి మీద ఆడినప్పుడు కాలు జారేది. మ్యాట్ మీద షూ పట్టేస్తుంది. పాదం కదలదు, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో నలిగేది మోకాలి లిగమెంట్. అందుకే చేతులు కలిపి చైన్‌గా పట్టేవాళ్లకు చెప్పండి: పక్కనుంచి మోకాలి మీద పడొద్దు, నడుం పట్టండి. రైడరుకేమో మలుపులో చిన్న చిన్న అడుగులు అలవాటు చేయండి. పడేటప్పుడు అరచెయ్యి చాపకుండా భుజం మీద దొర్లడం కూడా. ఇదంతా నడక వేగంతో మొదలవ్వాలి. మనం మొదటి రోజే మ్యాచ్ పెట్టేస్తాం, అదే మన రోగం.

నా తప్పొకటి చెప్తా. చాలా ఏళ్ల కిందట పాకాల దగ్గర పోటీ. మా జట్టులో పట్టేవాళ్లలో కవర్ స్థానంలో ఆడే కుర్రాడికి తలకు తగిలింది. "బాగుండావా?" అంటే "బాగుండా సార్" అన్నాడు. మళ్లీ దింపాను. రెండు కూతలయ్యాక నా దగ్గరికొచ్చి, "సార్, మన కోర్టు ఏదీ?" అన్నాడు. వెన్నులో చలి పుట్టింది. అదృష్టం, వాడు కోలుకున్నాడు. అప్పట్నుంచి తలకు తగిలితే ఆ రోజుకు ఆట బంద్, డాక్టర్ సరేనన్నాకే మళ్లీ మ్యాట్. ఫైనలైనా సరే, ఆరుగురితో ఆడతాం.

సరే, లేవండి. ఇద్దరిద్దరు. పట్టేవాళ్లు మోకాళ్ల మీద, రైడర్లు నడకే. గోళ్లు కత్తిరించుకోవాలని రూల్లోనే ఉంది, ఒకసారి చూసుకోండి. ఉంగరాలు, వాచీలు తీసేయండి. చేతికున్న స్వామి దారం తెంపమనను, మీద టేపు చుట్టండి.