ముక్కు నిజంగా తెరుచుకుందా? అమృతాంజనం డబ్బా నుంచి అరోమాథెరపీ సీసాల దాకా

అందరికీ నమస్కారం. బల్ల మీద ఏమేం పెట్టానో ఒకసారి చూడండి. అమృతాంజనం డబ్బా. నీలగిరి తైలం. లవంగ నూనె. పెప్పర్‌మింట్ ఆయిల్, లావెండర్ ఆయిల్. ఇక ఈ చివర ఉన్నది ముడి వేసిన చేతిరుమాలు. 2021 వేసవి గుర్తున్నవాళ్ళకి ఇదేంటో చెప్పక్కర్లేదు.

కరోనా రెండో వేవ్ అది. కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో మూటకట్టి, పైన నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసి వాసన చూస్తూ ఉంటే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్ నిండా మెసేజీలు. మా ఇంట్లో మనిషికో మూట తయారైంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఎలాగూ ఉంది కదా అని నేను పరీక్ష పెట్టాను. మూట వాసన చూడకముందు 97. పది నిమిషాలు చూశాక కూడా 97. అమ్మకి చూపించాను. "నీ నంబర్ల గోల నాకు తెలీదు, నాకు మాత్రం ఊపిరి హాయిగా ఆడుతోంది" అంది.

మీటరు తప్పు చెప్పలేదు. అమ్మా అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మాటా ఎలా నిజమైందో అర్థమైతే, ఈ సీసాల్లో దేన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసిపోతుంది.

పుదీనా జాతి మొక్కల్లో మెంథాల్ అని ఒకటి ఉంటుంది. జలుబు చేసినప్పుడు ముక్కు కింద బామ్ రాసుకుంటే చల్లగా గాలి లోపలికి దూసుకుపోయినట్టు ఉంటుంది చూశారూ, అది దాని పనే. బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త రాన్ ఎక్లెస్ 1980లలో దీన్ని కొలిచి చూశాడు. మెంథాల్ పీల్చినవాళ్ళు ముక్కు తెరుచుకుందన్నారు. పరికరం మాత్రం లోపల దారి ఏమీ పెరగలేదంది. అచ్చం మా అమ్మా, ఆక్సీమీటరూ!

సంగతేంటంటే, మన నరాల చివర చలిని పసిగట్టే ఒక తలుపు లాంటిది ఉంది. చల్లగాలి తగిలితే తెరుచుకుంటుంది. మెంథాల్ తగిలినా తెరుచుకుంటుంది. అప్పుడు మెదడు "ఓహో, గాలి బాగా వస్తోంది" అనుకుంటుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోట్లో నిప్పు లేకపోయినా మండుతుంది కదా, అలాంటిదే. మిరప మంటని పట్టే తలుపుని 1997లో, మెంథాల్ చల్లదనాన్ని పట్టేదాన్ని 2002లో కనుక్కున్నారు. రెండింటిలోనూ చెయ్యి ఉన్న అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి నోబెల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2021 అక్టోబర్‌లో. మనం మెడలో మూటలు కట్టుకుని తిరిగిన ఏడాదే.

అలాగని బామ్ దండగ అని నేననను. ముక్కు దిబ్బడతో రాత్రంతా దొర్లేవాడికి గాలి ఆడుతున్నట్టు అనిపించి కునుకు పడితే, అది లాభమే. జలుబు ఎలాగూ వారం పది రోజుల్లో దానంతటదే పోయేది. చిక్కల్లా, ఆయాసపడుతున్న మనిషికి కూడా అదే హాయి సరిపోతుందనుకున్నప్పుడు. 2021లో మూట వల్ల నష్టం అదే. ఆసుపత్రికి వెళ్ళాల్సిన గంటలు మూట వాసనలో గడిచిపోతే ఎలా?

ఇప్పుడు ఈ డబ్బా. అమృతాంజనం మన తెలుగాయనది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఈ బామ్ మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తెలుగువాళ్ళ తలనొప్పి తెలుగు పత్రికకి పెట్టుబడి అయిందన్నమాట. అంటే వాసన నూనెలతో చేసే వైద్యానికి అరోమాథెరపీ అనే మాట పుట్టకముందే మనవాళ్ళు ఆ పని చేస్తున్నారు. ఆ మాట 1937లో వచ్చింది. రెనే మోరిస్ గాట్‌ఫోసే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తన పుస్తకానికి పెట్టుకున్న పేరది. ఆయన ప్రయోగశాలలో చెయ్యి కాలి, పక్కనున్న లావెండర్ తొట్టిలో ముంచగానే మానిపోయిందని ఈ సీసాలు అమ్మేవాళ్ళంతా చెబుతారు. ఆయన రాసుకున్నది వేరు. కాలిన గాయం కుళ్ళు పట్టాక లావెండర్‌తో కడిగానన్నాడు. తొట్టి తర్వాత ఎవరో చేర్చారు.

తలనొప్పి విషయంలో బామ్‌కి కాస్త బలమైన సాక్ష్యమే ఉంది. 1996లో జర్మనీలో ఒక పరీక్ష చేశారు. పది శాతం పెప్పర్‌మింట్ నూనెని నుదుటికి, కణతలకి రాస్తే, ఒత్తిడి వల్ల తల పట్టేసినట్టు వచ్చే నొప్పి పారాసెటమాల్ బిళ్ళతో సమానంగా తగ్గింది. గమనించండి, పది శాతం. సీసాలో ఉన్నది నూటికి నూరు. అది కళ్ళ దగ్గర రాసుకుంటే తలనొప్పి మర్చిపోతారు, కళ్ళమంటతో.

పంటి నొప్పికి లవంగం అందరికీ తెలిసిందే. అందులో ఉండే యూజినాల్ నిజంగానే తిమ్మిరి ఎక్కిస్తుంది. పళ్ళ డాక్టర్లు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పిప్పిపన్నులో పెట్టే తాత్కాలిక సిమెంటులో ఉండేది అదే. దూదికి చుక్క అద్ది పన్ను మీద పెట్టుకోండి, చిగురుకి తగలనివ్వకండి, కాలుతుంది. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నొప్పి పోయింది కదా అని నెలలు గడిపేస్తే లోపల పుచ్చు దాని పని అది చేసుకుంటూ పోతుంది. ఇది నా అనుభవం. ఒక పన్ను అలాగే పోగొట్టుకున్నాను. లవంగానిది తప్పు కాదు, నాదే.

కడుపు నొప్పికి పెప్పర్‌మింట్ పనిచేస్తుంది, కానీ సీసాలోది తాగడం కాదు. ఐబీఎస్, అంటే తరచూ కడుపు నొప్పి, విరేచనాలో మలబద్ధకమో పెట్టే పేగుల జబ్బు ఉన్నవాళ్ళకి, పేగులోకి వెళ్ళాక మాత్రమే కరిగే క్యాప్సూల్స్ ఉంటాయి. డాక్టర్లే రాస్తారు. నూనె నేరుగా తాగితే గుండెల్లో మంట ఖాయం. కడుపు ఉబ్బరానికి చిటికెడు వాము నమిలి గోరువెచ్చని నీళ్ళు తాగడం నాకు ఇప్పటికీ ఇష్టం. వాములో థైమాల్ ఉంటుంది, మౌత్‌వాష్‌లలో వేసేది అదే.

వాంతి వచ్చేలా ఉంటే అల్లం నూనె, నిమ్మ నూనె వాసన చూడమంటారు కదా. దానికంటే గట్టి రుజువు దేనికుందో తెలిస్తే నవ్వుతారు. ఇంజెక్షన్ ముందు చేతికి రుద్దే స్పిరిట్ దూది! అమెరికాలో ఎమర్జెన్సీ వార్డుల్లో దాని వాసన చూపిస్తే వికారం తగ్గడం పరీక్షల్లో తేలింది. రూపాయి ఖర్చు. దాన్ని అరోమాథెరపీ అని ఎవరూ అమ్మరు.

లావెండర్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పడుకునే ముందు దిండుకి రెండు చుక్కలు వేసుకోండి, వాసన నచ్చితే. నచ్చకపోతే మానేయండి. మల్లెపూలు పక్కన పెట్టుకుని పడుకున్నా నాకు అంతే నిద్ర పడుతుంది.

ఇక్కడ కాస్త ఆగి వినండి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు ముఖ్యంగా.

కర్పూరం. దేవుడి గూట్లో, నేలకి జానెడు ఎత్తులో, తెల్లగా పటికబెల్లం పలుకుల్లా కనబడే డబ్బా. పాకే పిల్లాడు నోట్లో పెట్టుకోడా? సుమారు ఒక గ్రాము కర్పూరానికే పసిపిల్లలు చనిపోయిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. మింగిన కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. అందుకే అమెరికాలో 1983లోనే పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని నిబంధన పెట్టారు. "లడ్డూలో వేస్తారుగా" అంటారేమో. లడ్డూలో వేసేది పచ్చ కర్పూరం, అదీ చిటికెలో చిటికెడు. హారతి బిళ్ళలు ఎక్కువగా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యేవి.

నీలగిరి తైలమూ అంతే. పిల్లాడు ఒక గుక్క మింగినా ఫిట్స్, మగత. మూర్ఛ ఉన్న పెద్దవాళ్ళలో కూడా కర్పూరం, నీలగిరి బామ్‌లు ఎక్కువగా వాడాక ఫిట్స్ వచ్చిన కేసుల గురించి బెంగళూరు న్యూరాలజీ డాక్టర్లు రాశారు. ఇంట్లో ఫిట్స్ ఉన్నవాళ్ళు ఉంటే ఈ సంగతి మీ డాక్టరుకి చెప్పి అడగండి.

కీళ్ళ నొప్పులకి రాసుకునే వింటర్‌గ్రీన్ నూనె ఇంకో రకం. అందులో ఉండేది ఆస్పిరిన్‌కి చుట్టమే. ఒక టీస్పూన్‌లో దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్ అంత బలం ఉంటుంది. బిళ్ళల్లో చెప్పాలంటే ఇరవైకి పైనే. రక్తం పలచబడే మందులు వాడుతున్న పెద్దవాళ్ళు ఒళ్ళంతా రుద్దుకోకూడదు.

రెండేళ్ళలోపు పిల్లలకి కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్ ఏదీ వద్దు. ముక్కు దగ్గర రాస్తే ఊపిరి ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. వాళ్ళ ముక్కు దిబ్బడకి మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరిగే గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టించడం కూడా మానేయండి. కాలు తగిలి గిన్నె తిరగబడితే తొడలు కాలిపోతాయి.

ఎవరైనా ఈ నూనెలు మింగితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. కక్కేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. లేబుల్ చూస్తే డాక్టరుకి సగం పని తేలిక.

ఒంటికి రాసుకోవాలనుకుంటే కొలత చెప్తాను. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో 12 చుక్కలు. అది రెండు శాతం. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. నీళ్ళ బకెట్‌లో వేస్తే కలవదు, పైన తేలి చర్మానికి చిక్కగా అంటుకుంటుంది.

కొనేటప్పుడు ఒక చిన్న లెక్క. కిలో గులాబీ నూనె తియ్యాలంటే మూడు, నాలుగు వేల కిలోల రేకులు కావాలి. నూటయాభై రూపాయలకి గులాబీ ఎసెన్షియల్ ఆయిల్ అని సీసా ఇస్తున్నాడంటే అందులో ఏముందో మీరే ఊహించుకోండి. నీలగిరి, నిమ్మగడ్డి లాంటివి చవగ్గా దొరకడం మాత్రం సహజమే. మన ఊళ్ళ పక్కన జామాయిల్ (అదీ నీలగిరి జాతే) తోపులు చూస్తూనే ఉంటాం కదా, వాటి ఆకు నలిపి వాసన చూడండి ఎప్పుడైనా. అయితే అవి చాలావరకు కాగితపు మిల్లుల కోసం పెంచేవి, నూనె కోసం కాదు.

ఈ మూట మాత్రం అమ్మకి తిరిగి ఇచ్చేస్తాను. పప్పుల డబ్బాలో పెట్టుకుంటుందట, పురుగు పట్టకుండా. కర్పూరం తీసేసే పెట్టమన్నాను. వచ్చే వారం కలుద్దాం.