ఉక్కపోతలో మొదటి ట్రయాథ్లాన్: సైకిల్ మీద తగ్గితేనే పరుగు నిలుస్తుంది

[దృశ్యం: తెల్లవారుజాము. బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డు మీద ఇద్దరు సైకిళ్ల మీద వెళ్తున్నారు.]

అందరికీ నమస్కారం. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం ఈ వీడియో. మీలో కొందరు రోజూ సైకిల్ తొక్కుతారు, కొందరు పొద్దున్నే పరుగెత్తుతారు. వీటికి ఈత కలిపి ఒక చిన్న ట్రయాథ్లాన్ చేయాలని ఉండి, ఎండ గుర్తొచ్చి ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. చేయొచ్చు. కాకపోతే చల్లని ఊళ్లో చేసినట్టు చేయకూడదు.

స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు వరుసగా ఉంటాయి. సూపర్ స్ప్రింట్ అయితే సుమారు ఇందులో సగం. ఎండాకాలంలో మొదటిసారి చేసేవాళ్లు సూపర్ స్ప్రింట్ ఎంచుకుంటే నాకు సంతోషం.

[దృశ్యం: గోపాల్‌పూర్ బీచ్. చెమటతో తడిసిన బనియన్ దగ్గరగా.]

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. కండరాలు వాడే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కదలికకు పనికొస్తుంది. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ముఖ్యమైన దారి చెమట. ఒక లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. అదే చెమట బొట్లు బొట్లుగా రోడ్డు మీద కారిపోతే ఒళ్లు చల్లబడదు, నీరూ ఉప్పూ మాత్రం పోతాయి.

మన తీరంలో జరిగేది ఇదే. సముద్రానికి దూరంగా ఉన్న టిట్లాగఢ్ వైపు 40 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట త్వరగా ఆరిపోతుంది. గోపాల్‌పూర్‌లో 33 డిగ్రీలకే బనియన్ పిండితే నీళ్లు కారతాయి. అందుకే ఫోన్‌లో డిగ్రీలు ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకండి, గాలిలో తేమ శాతం కూడా చూడండి. ఆ డిగ్రీలు కూడా నీడలో కొలిచినవి. తారు రోడ్డు మీద మీకు తగిలే వేడి అంతకన్నా ఎక్కువ.

ఒళ్లు దీనికి అలవాటు పడుతుంది, అదే మనకు ధైర్యం. పది నుంచి పద్నాలుగు రోజులు వేడిలో తేలికగా సాధన చేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. దీనికి మిట్టమధ్యాహ్నం పరుగెత్తక్కర్లేదు. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకి ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా గంటదాకా తీసుకెళ్లండి. పక్కన ఎవరైనా ఉండాలి. తెల్లవారుజామున ఏసీ గదిలోంచి లేచి చల్లగా ఉన్నప్పుడు మాత్రమే సాధన చేసి, రేస్ రోజు పొద్దున ఎనిమిదింటి ఎండలో పరుగెత్తితే ఒళ్లు తట్టుకోలేదు. ఒకసారి వచ్చిన అలవాటు కూడా మానేస్తే కొన్ని వారాల్లో పోతుంది.

[దృశ్యం: స్విమ్మింగ్ పూల్.]

ఈత గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. గోపాల్‌పూర్ సముద్రం కొత్తవాళ్లు ఈత నేర్చుకునే చోటు కాదు. అలలు బలంగా ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. తరతరాలుగా ఆ నీళ్లలో బతికే మన నోలియాలు, అంటే జాలర్లు, వద్దంటే దిగకండి, వాళ్లు మాట్లాడేది తెలుగే, అడిగితే చెబుతారు. మొదటి రేస్ పూల్‌లో జరిగేదే ఎంచుకోండి. 25 మీటర్ల పూల్‌లో 30 పొడవులు ఈదితే 750 మీటర్లు. పూల్ నీళ్లు వెచ్చగా ఉంటే నీళ్లలో కూడా చెమట పడుతుంది, మనకు తెలియదు. అందుకని మొదటి పొడవులు నెమ్మదిగా ఈదండి. బయటికి రాగానే ఈత టోపీ తీసేయండి. కాళ్లు కాలకుండా చెప్పులు దగ్గర పెట్టుకోండి. సైకిల్‌ను ముట్టుకునే ముందే హెల్మెట్ పట్టీ బిగించాలి, అది నియమం.

[దృశ్యం: సైకిల్ మీద నుంచి కనిపించే రోడ్డు.]

ఈ వీడియోలో అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ఇక్కడుంది. సైకిల్ గంటకు 25 కిలోమీటర్లు పోతుంటే ఎదురుగాలి తగిలి ఒళ్లు చల్లగా అనిపిస్తుంది. బాగానే ఉంది కదా అని ఇంకా తొక్కేస్తాం. లోపల మాత్రం వేడి పోగవుతూనే ఉంటుంది. దిగి పరుగు మొదలుపెట్టగానే వేగం గంటకు 8, 9 కిలోమీటర్లకి పడిపోతుంది, ఆ గాలీ పోతుంది. పోగైన వేడంతా అప్పుడు తెలుస్తుంది. అందుకే సైకిల్ మీద పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగమే పెట్టుకోండి. అనుకున్న టైమ్ వదిలేయండి. పరుగులో మొదటి కిలోమీటరు మరీ నెమ్మదిగా వెళ్లండి. నీళ్లు ఇచ్చే ప్రతి చోటా ఆగి నడవండి, సగం తాగి సగం తల మీద, మెడ మీద పోసుకోండి. ఐస్ దొరికితే టోపీలో వేసుకోండి.

ఎంత తాగాలి? సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. మధ్యలో తాగినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, తగ్గిన కిలోకి దాదాపు ఒక లీటరు చెమట పోయినట్టు. అదంతా రేస్‌లోనే తాగాలని లేదు, దాహాన్ని బట్టి కొంచెం కొంచెంగా తాగితే చాలు. బరువు పెరిగేంత తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణానికే ముప్పు. ఓఆర్ఎస్ వాడితే ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపండి, చిక్కగా చేయకండి. ముందు రోజు ఉప్పేసిన మజ్జిగ, అలవాటున్నవాళ్లకి తరవాణి చాలా మంచివి. నొప్పి మాత్ర వేసుకుని రేస్‌కి దిగకండి. నీరు తగ్గిన ఒంట్లో కొన్ని మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి.

[దృశ్యం: నీడలో ఒకరిని పడుకోబెట్టి తడిగుడ్డలు వేస్తున్నారు.]

తోటివాళ్లు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు, పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. 108కి ఫోన్ చేయించి, అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం మొదలుపెట్టండి. తల మునగకుండా చూసుకుంటూ మెడదాకా ఐస్ నీళ్ల తొట్టెలో కూర్చోబెట్టడం అన్నింటికన్నా మంచిది. తొట్టె లేకపోతే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

[దృశ్యం: రేస్ నమోదు పత్రం.]

ఫీజు కట్టే ముందు నిర్వాహకులను మొహమాటపడకుండా అడగండి. ఎన్ని గంటలకి మొదలవుతుంది? 2021 టోక్యో ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్‌ను పొద్దున ఆరున్నరకే పెట్టారు, మారథాన్‌ను చల్లగా ఉంటుందని సపోరోకి మార్చారు. ఎండాకాలంలో మన పిల్లల బడి కూడా పొద్దున పూటకి మారుతుంది. అలాంటిది కొత్తవాళ్ల రేస్ తొమ్మిదింటికి ఎందుకు మొదలవ్వాలి? పరుగు దారిలో నీళ్లు ఎన్ని చోట్ల ఇస్తారు? ఐస్, తొట్టె, డాక్టర్ ఉంటారా? ఉక్క మరీ ఎక్కువైతే దూరం తగ్గిస్తారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ రేస్ వదిలేసి, నవంబర్ తర్వాత జరిగేది చూసుకోండి.