కోళ్ల జాగాలో పచ్చిమేత: మూడో నంబర్ కటింగ్

నమస్తే. ఈ వీడియో వచ్చే వారం చేద్దామనుకున్నాను. కానీ నిన్న ఇంకొకరు అదే మాట అన్నారు, ఇక ఆగలేకపోయాను. "కోళ్లు తిరిగే చోట ఆకుకూర ఎలా పెరుగుతుందన్నా? మొలక రాగానే తినేస్తాయి కదా!" మా వీధిలో మేడ మీద నాలుగు కోళ్లు పెట్టుకున్నాయన దగ్గర్నుంచి ఘట్‌కేసర్ అవతల పాతిక కోళ్లు పెంచే మా బావమరిది దాకా అందరిదీ ఇదే పాట.

మొలక చచ్చేది కోడి తిన్నందుకు కాదండీ, కెలికినందుకు.

చిన్నప్పుడు మన రాత బాగాలేకపోతే మాస్టారు ఏమనేవారు? "కోడి కెలికినట్టు రాశావేంట్రా" అనేవారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. ఇదిగో, మా గోధుమరంగు పెట్టను చూడండి. కుడికాలితో రెండుసార్లు, ఎడమకాలితో ఒకసారి గీరుతుంది. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, ఏం బయటపడిందా అని తల వంచి చూస్తుంది. పురుగు దొరికినా, దొరక్కపోయినా మళ్లీ మొదలు. కడుపు నిండా దాణా తిన్న కోడి కూడా ఇలాగే చేస్తుంది. దీని ముత్తాతలు అడవికోళ్లు. రాలిన ఆకుల కింద వెతుక్కుని బతికిన జాతి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

కాబట్టి మనం ఆపాల్సింది ముక్కును కాదు, కాలిని. ఈ ఒక్కటి అర్థమైతే మిగతాదంతా వడ్రంగి పనే.

సెలూన్‌కి వెళ్తాం కదా. కుర్చీలో కూర్చుని "మూడో నంబర్ పెట్టన్నా" అంటాం. అతను ట్రిమ్మర్‌కి ఒక ప్లాస్టిక్ క్లిప్పు తగిలిస్తాడు. ఇక ట్రిమ్మర్ ఎంత తిప్పినా తల మీద అంత జుట్టు మిగులుతుంది, క్లిప్పు అంతకంటే కిందికి దిగనివ్వదు. నెల తిరిగేసరికి మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే జుట్టు మళ్లీ పెరుగుతుంది. అదే ఎవరైనా కూర్చోబెట్టి ఒక్కొక్క వెంట్రుకా కుదుళ్లతో పీకితే? తల ఏమవుతుందో ఊహించుకోండి.

కోడి ముక్కు ట్రిమ్మర్. కోడి కాలు పీకే చెయ్యి. మనం పెట్టాల్సింది ఆ క్లిప్పు.

ఇదిగో క్లిప్పు. (ఫ్రేమ్ ఎత్తి చూపిస్తూ) నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తున్న చెక్క పలకలు. పైన ఇనుప జాలీ బిగించాను. కింద ఏమీ లేదు, నేల మీద బోర్లించడమే. లోపల విత్తనాలు మొలుస్తాయి, జాలీ దాటి పైకొచ్చిన కొసల్ని కోళ్లు కొరుక్కుంటాయి. వేళ్ల జోలికి కాలు వెళ్లదు. రోజూ కటింగ్, రోజూ మూడో నంబరే.

ఈ పోలిక నాకు ఎందుకంత ఇష్టమో చెప్తాను, మా ఆవిడ మాత్రం విని విని విసిగిపోయింది. జుట్టు కొస దగ్గర పెరగదు, కుదురు దగ్గర పెరిగి పైకి తోసుకొస్తుంది. గడ్డి జాతి కూడా అంతే. గోధుమ, రాగి, సజ్జ, గరిక, వీటన్నిటి ఆకు పెరిగే చోటు అడుగున ఉంటుంది. కొస కొరికితే వాటికి పట్టదు. వినాయక చవితికి ఎంత కోసినా గరిక మళ్లీ ఎలా వస్తుందో చూశారుగా.

తోటకూర కథ వేరు. అది పెరిగేది తల దగ్గర. తల కొరికితే కణుపుల దగ్గర పక్క కొమ్మలు వేస్తుంది, కానీ కింది కణుపులు కూడా పోతే ఇక అంతే. అందుకని తోటకూరకు ఫ్రేమ్ ఆరంగుళాల ఎత్తైనా ఉండాలి. సెలూన్ భాషలో చెప్పాలంటే తోటకూరకు ఆరో నంబర్ పెట్టాలి. సరే, ఇక్కడితో లాగడం ఆపేస్తాను. ఆపలేనేమో కూడా.

జాలీ సంగతి ముఖ్యం. షడ్భుజాల కోళ్ల జాలీ వద్దు, కోడి ఎక్కి నిలబడితే గుంటపడి మొక్కల మీదికి దిగిపోతుంది. క్లిప్పే వంగిపోతే ఇక మూడో నంబర్ ఎక్కడిది? అతుకులు వేసిన గట్టి వెల్డ్ మెష్ తీసుకోండి, అరంగుళం నుంచి అంగుళం దాకా కన్ను ఉన్నది. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో అడుగుల లెక్కన కోసిస్తారు. మధ్యలో అడ్డంగా ఒక చెక్క కొట్టండి. నా మొదటి ఫ్రేమ్‌కి కొట్టలేదు. పుంజు ఎక్కి కూత పెట్టింది, జాలీ కిందికి జారింది, అది భయపడి చేసిన గోలకు పక్కింటివాళ్లు కూడా లేచారు.

"ఇంత కష్టం ఎందుకన్నా, రైతుబజార్‌లో రెండు కట్టలు తెచ్చి పడేస్తే పోలే?" అంటారు. పడేయొచ్చు, చిన్న చిన్న ముక్కలు చేసి వేయండి. పొడవాటి గడ్డిని అలాగే వేస్తే మాత్రం కోడి పోచకు పోచ మింగేస్తుంది. దానికి పళ్లు లేవు, నమలదు. మెడ కింద మేత సంచిలో అది ఉండలా చుట్టుకుని అడ్డం పడుతుంది. అదే నేలలో పాతుకున్న గడ్డి అయితే వేరు అవతల నుంచి గట్టిగా పట్టుకుంటుంది, కోడి లాగితే చిన్న ముక్కే తెగి వస్తుంది. ఇక్కడ కత్తిపీట పని చేసేది ఆ వేరు.

ఇంకో భ్రమ: పచ్చిమేత పెడితే గుడ్లు ఎక్కువ పెడతాయని. లేదు. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. మాంసకృత్తులు, కాల్షియం ప్రధానంగా అందులోంచే రావాలి. ఆకులో ఎక్కువ భాగం నీళ్లే. దాణా తగ్గించి ఆకుతో కడుపు నింపితే గుడ్లు తగ్గుతాయి. మారేది సొన రంగు. ఆకుల్లో ఉండే లూటీన్ లాంటి రంగు పదార్థాలు సొనలోకి దిగి ముదురు పసుపు తెస్తాయి. అయితే ముదురు సొన కనబడగానే నాటు గుడ్డు అని ఎక్కువ డబ్బు ఇచ్చేయకండి. దాణాలో బంతిపూల సారం కలిపినా అదే రంగు వస్తుంది. మన బతుకమ్మలో పేర్చే బంతే!

కోళ్లకు మాత్రం ఇది మంచి కాలక్షేపం. పని లేని కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలైనా, మామూలు నాటుకోళ్లైనా ఈ ఫ్రేమ్ చుట్టూనే మూగుతాయి.

టైం చూస్తే చాలా అయింది, ఫోన్ వేడెక్కుతోంది. గబగబా చెప్తాను.

విత్తనాలకు కిరాణా షాపు గోధుమలు అరకిలో చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున చల్లి, పైన పలుచగా మట్టి కప్పండి. కప్పకపోతే చీమలు మోసుకుపోతాయి. వారం పది రోజుల్లో ఆకు జాలీని అందుకుంటుంది. విత్తనాల షాపులో గులాబీ రంగో నీలం రంగో పూసినవి ఇస్తే తీసుకోవద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది. ఎండాకాలంలో గోధుమ నిలవదు, రాగులో సజ్జలో వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నలభై దాటుతుంది కాబట్టి పైన షేడ్ నెట్ కట్టండి, పొద్దున, సాయంత్రం నీళ్లు పెట్టండి. కోళ్ల రెట్ట పచ్చిగా లోపల వేయకండి, మొక్క మాడుతుంది, కుళ్లబెట్టి వేయండి. పాలకూర ఎప్పుడైనా కొంచెం పర్లేదు, రోజూ వద్దు. అందులో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కదా.

జొన్న మాత్రం వేయకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. లేత జొన్నలో, ముఖ్యంగా కోశాక వచ్చే పిలకల్లో, సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. లేత జొన్న మేసి పశువులు చనిపోవడం ఊళ్లో పెద్దవాళ్లకు తెలిసిందే. ఈ ఫ్రేమ్ రోజూ చేసేది మళ్లీ మళ్లీ లేత చిగురు తెప్పించడమే, కాబట్టి జొన్నకు ఇది అస్సలు కుదరదు.

ఒక్క ఫ్రేమ్ పెట్టి సరిపోలేదని నాకు మెసేజ్ పెట్టకండి. రెండు చేయండి. ఒకటి కోళ్ల ముందు ఉన్నప్పుడు రెండోది కోళ్లకు అందకుండా బయట పెరుగుతుంటుంది. మూడు వారాలకు మార్చండి.

ఆఁ, అసలు ముక్క మర్చిపోయాను. జాలీ కోసిన చోట తీగ కొసలు సూదుల్లా లేస్తాయి. వాటిని చెక్క కిందికి మడిచి మేకులు కొట్టండి. మా తెల్లపెట్ట కుంటుతున్నది చూశారా, నేను ఒక మూల కొట్టకుండా వదిలేసినందుకే.